రాజుగారి పంక్తిలో కూర్చున్న సైన్యం

1263 డిసెంబర్‌లో నార్వే రాజు హోకోన్ హోకోన్సన్ ఓర్క్నీ దీవుల్లోని కిర్క్‌వాల్‌లో, బిషప్ ఇంట్లో మంచం పట్టాడు. ఆ ఏడాది పెద్ద నౌకాదళంతో స్కాట్లాండ్ పడమటి తీరానికి వెళ్లి, లార్గ్స్ దగ్గర ఎటూ తేలని పోరు అయ్యాక, చలికాలం గడపడానికని అక్కడ ఆగాడు. ఇక లేవడం లేదని తెలిశాక ఆయన ఏమేం చేశాడో ఆయన సాగాలో, అంటే అప్పటి నార్స్ భాషలో ఆయన మీద రాసిన చరిత్ర కథలో, రాసి ఉంది. కొడుకు మాగ్నుస్‌కి ఉత్తరం రాయించాడు. తన బంట్లకు ఇవ్వాల్సిన జీతాల లెక్క తేల్చాడు, హిర్డ్ అనే తన పరివారంలో ఒక్కో మనిషికి ఒక మార్కు (అప్పటి తూకం) శుద్ధమైన వెండి, కింది పరిచారకులకు అర మార్కు. వెండి చాలకపోతే పనికొస్తాయని, బంగారు పూత లేని తన వెండి కంచాలూ పాత్రలూ కూడా తూకం వేయించి పెట్టమన్నాడు.

ప్రాణం పోయేముందు భోజనం బల్ల మీది సామాను తూయించి బంట్ల బాకీ తీర్చడం మనకు కాస్త వింతగా అనిపించొచ్చు. నార్వేలో మాత్రం అది సహజమే, ఎందుకంటే అక్కడ రాజు సైన్యానికి అసలు రూపం రాజు ఇల్లే, ఆ ఇంటికి గుండెకాయ భోజనశాల. ఈ సాయుధ పరివారాన్నే హిర్డ్ అంటారు. చాలామంది దీన్ని అంగరక్షక దళం అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అది సగం నిజం. హిర్డ్ అనే మాట పాత ఇంగ్లిష్ నుంచి వచ్చింది, అక్కడ దాని అర్థం ఒక ఇంటి మనుషులు, కుటుంబం. తెలుగులో దీనికి దగ్గరగా ఉన్న మాట కొలువు. కొలువు అంటే రాజసభ, కొలువు అంటే ఉద్యోగం, కొలవడం అంటే సేవించడం, ఈ మూడూ ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి కదా, హిర్డ్ కూడా సరిగ్గా అలాంటిదే, పైగా దాని చేతిలో కత్తి ఉంది. మధ్యయుగ నార్వే రాజ్యం ఎలా పెరిగిందో, ఎందుకు సన్నగిల్లిందో అర్థం కావాలంటే యుద్ధాల జాబితా కంటే ముందు, రాజుతో కలిసి ఎవరు తిన్నారు, ఎక్కడ తిన్నారు అన్నది చూడాలి.

ముందు ఆ దేశం ఎలా ఉంటుందో గుర్తు చేసుకోవాలి. కొండలు, వాటి మధ్యకు చొచ్చుకొచ్చిన ఫ్యోర్డులనే సముద్రపు పాయలు, అంతులేని తీరం. ఇవాళ కూడా నార్వే నేలలో సాగులో ఉన్నది వందకు 3 వంతులు మాత్రమే. వెయ్యేళ్ల కింద ఊళ్లంటే ఒక్కొక్క రైతు కుటుంబం విడివిడిగా ఉండే వాడలే, పట్నాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అలాంటి చోట పన్నును డబ్బుగా వసూలు చేసి ఒక చోట పోగేసి, దాంతో జీతాల సైన్యాన్ని పెంచడం కుదిరే పని కాదు. పన్ను అంటే ధాన్యం, వెన్న, మాంసం, బీరు కాసే మాల్టు. వాటిని రాజు దగ్గరికి మోసుకెళ్లడం కంటే రాజే వాటి దగ్గరికి వెళ్లి తినడం తేలిక. అందుకే రాజు తన బలగంతో ఒక ఎస్టేట్ నుంచి ఇంకో ఎస్టేట్‌కి తిరిగేవాడు, వెళ్లిన చోటల్లా చుట్టుపక్కల రైతులు విందు పెట్టాలి. దీన్ని వైట్స్లా అనేవాళ్లు, అంటే అచ్చంగా విందే. విందు అని పేరు పెట్టినా అది పన్నే, తప్పించుకునే వీలు లేదు. రాజు వెంట ఎంతమంది ఉన్నారన్నది రైతుకు నేరుగా కడుపుకు తగిలే సంగతి.

ఈ సంగతి తెలిస్తే 13వ శతాబ్దపు ఐస్‌లాండ్ రచయిత స్నొర్రి స్టుర్లుసన్ రాసిన రాజుల చరిత్రలో అంకెలు ఎందుకు అంత జాగ్రత్తగా ఉన్నాయో అర్థమవుతుంది. ఓలాఫ్ హరాల్డ్‌సన్, తర్వాతి కాలంలో నార్వేకి పునీతుడైన రాజు, నిదారోస్‌లో అంటే ఇవాళ్టి ట్రోండ్‌హైమ్‌లో తన భవనం కట్టుకున్నప్పుడు ఆయన వెంట 60 మంది హిర్డ్ మనుషులు, 30 మంది గెస్టులనే కింది హోదా బంట్లు, 30 మంది ఇంటి పనివాళ్లు ఉండేవాళ్లట. మొత్తం 120. ఆయన తర్వాతి తరంలో వచ్చిన ఓలాఫ్ క్యిర్రె, 1067 నుంచి 1093 దాకా ఏలినవాడు, దీన్ని రెట్టింపు చేశాడు, 120, 60, 60. అప్పుడు రైతులు నేరుగా వెళ్లి అడిగారు, ఇంతకుముందు రాజులకు ఉన్నదాని కంటే, చట్టం ఒప్పుకునేదాని కంటే ఎక్కువమందిని ఎందుకు పెట్టుకున్నావని. ఆయన ఇచ్చిన జవాబు సారాంశం ఏమిటంటే, ఇంతమంది ఉన్నా నేను రాజ్యాన్ని నా తండ్రి కంటే బాగా నడపలేకపోతున్నాను, ఆయనంటే ఉన్నంత భయం నేనంటే లేదు, మిమ్మల్ని బాధపెట్టాలని మాత్రం కాదు. ఆ తండ్రి 1066లో ఇంగ్లండ్‌లో స్టాంఫర్డ్ బ్రిడ్జ్ దగ్గర చనిపోయిన హరాల్డ్ హార్డ్రాడె, కుర్రతనంలో కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి కొలువులో కిరాయి సైనికుడిగా పనిచేసి వచ్చిన కఠినుడు. ఆయనకు తక్కువమంది సరిపోయారు. శాంతంగా ఏలిన కొడుక్కి ఎక్కువమంది కావాల్సి వచ్చింది. ఈ మాటలు నిజంగా ఆ రాజు నోట వచ్చినవో కాదో ఎవరూ తేల్చలేరు, స్నొర్రి రాసింది సుమారు 150 ఏళ్ల తర్వాత కదా. అయినా రైతులు రాజును మనుషుల లెక్క అడగడం అప్పటి చదువరులకు నమ్మదగ్గ సంగతే. ఆ సంఖ్య మీద ఒక హద్దు ఉందనీ, హద్దు దాటితే అడగొచ్చనీ జనానికి తెలుసు.

అదే ఓలాఫ్ క్యిర్రె భోజనశాలను కూడా మార్చాడని స్నొర్రి చెప్తాడు. అంతకుముందు పొడుగాటి హాలు మధ్యలో నేల మీద మంట, గోడల వెంబడి బల్లలు, రాజు పొడుగు బల్ల మధ్యలో కూర్చుని, మంటకు అవతల ఎదురుగా ఉన్న పెద్దమనిషికి కొమ్ము పాత్ర ఎత్తి తాగేవాడు. క్యిర్రె తన పీటాన్ని హాలు చివరన ఎత్తు అరుగు మీదికి మార్చాడు, మంటకు బదులు పొయ్యి గూళ్లు పెట్టించాడు, బల్ల ముందు కొవ్వొత్తులు పట్టుకుని నిలబడే కుర్రాళ్లను ఏర్పాటు చేశాడు. ఇదంతా ఒక్క రాజు ఒక్క రోజులో చేసినట్టు రాసినా నిజానికి మెల్లగా వచ్చిన మార్పే అయ్యుంటుంది. కానీ ఇది చిన్న విషయం కాదు. మంట చుట్టూ కూర్చున్నప్పుడు రాజు వాళ్లలో ఒకడు, అందరికంటే పెద్దవాడు, అంతే. అరుగెక్కాక ఆయన వాళ్లకు ఎదురుగా ఉన్నవాడు. రాజ్యం మారిన తీరు సీటింగ్‌లోనే కనిపిస్తుంది.

తిండికీ విశ్వాసానికీ ఉన్న ముడి ఎంత గట్టిదో చెప్పడానికి స్టిక్లెస్టాడ్ కంటే మంచి ఉదాహరణ లేదు. 1028లో డెన్మార్క్, ఇంగ్లండ్ రాజు క్నూట్ నార్వే పెద్దలను వెండితో కొనేశాడు. ఓలాఫ్ హరాల్డ్‌సన్ రష్యా వైపు పారిపోయి, 1030లో తిరిగి వచ్చి, ట్రోండ్‌హైమ్‌కి ఉత్తరాన స్టిక్లెస్టాడ్ దగ్గర తన దేశపు రైతులూ పెద్దలూ కలిసి తెచ్చిన సేనతోనే తలపడి చనిపోయాడు. ఎదుటి పక్షం నాయకుల్లో కాల్వ్ ఆర్నెసన్ ఒకడు, అతను ఒకప్పుడు ఓలాఫ్ మనిషే, అతని సొంత అన్నదమ్ములు ఆ రోజు కూడా రాజు పక్కనే నిలబడ్డారు. యుద్ధం జరిగే రోజు తెల్లవారుజామున రాజు కవి థోర్మోద్‌ను పిలిచి ఏదైనా పద్యం చదవమన్నాడు. అతను బ్యార్కిని కీర్తించే పాత పాట అందుకున్నాడు, ప్రభువు కోసం అనుచరులంతా ప్రాణాలిచ్చిన కథ అది. నిద్ర లేచిన సేన ఆ పాటకు 'ఇంటి బంట్ల మేలుకొలుపు' అని పేరు పెట్టుకుంది. రాజు జెండా మోసిన థోర్ద్ ఫోలసన్ కూలిపోతూ జెండా కర్రను నేలలో ఎంత బలంగా గుచ్చాడంటే అతను పడిపోయినా జెండా నిలబడే ఉందని సాగా అంటుంది. ఇక థోర్మోద్ సంగతి. బాణం దిగిన గాయంతో ఒక కొట్టంలోకి వచ్చి, వైద్యురాలు తీయలేకపోయిన బాణపు ములుకును తనే పటకారుతో లాగాడు. ములుకు కొక్కేలకు గుండె దగ్గరి కండ పీచులు, కొన్ని ఎర్రగా, కొన్ని తెల్లగా, అంటుకుని వచ్చాయి. వాటిని చూసి, రాజు మమ్మల్ని బాగా మేపాడు, నా గుండె వేళ్ల దగ్గర ఇంకా కొవ్వుంది అని, వెనక్కి వాలి చనిపోయాడు.

కథ ఎంతవరకు జరిగిందో పక్కన పెడదాం. ఆ మాటలోని తర్కం చూడండి. తిన్న తిండి ఒంట్లో కొవ్వుగా ఉంది, ఆ కొవ్వే రుజువు, ఆ రుజువు చూపించి చనిపోయాడు. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయకూడదని మనవాళ్లు అనుకునేది కూడా ఇలాంటి ఆలోచనే. కాల్వ్ ఆర్నెసన్ తప్పు చేశాడని సాగా రాసినవాళ్లు అనుకుంటే, అది అతను దేశానికి ద్రోహం చేశాడని కాదు, ఒకే ఇంట్లో తిన్నవాడిపై కత్తి ఎత్తాడని.

మరి హిర్డ్‌లోకి ఎలా చేరతారు? 1270లలో మాగ్నుస్ రాజు కాలంలో, కిర్క్‌వాల్‌లో చనిపోయిన హోకోన్ కొడుకే ఆయన, దేశానికి చట్టాలు సరిచేసినందుకు 'చట్టాల మాగ్నుస్' అని పేరు తెచ్చుకున్నవాడు, హిర్డ్ నియమాలన్నీ ఒక పుస్తకంగా చేర్చారు. దానిపేరు హిర్డ్‌స్క్రో. అందులో చేరిక తంతు వివరంగా ఉంది. రాజు ఎత్తు పీటం మీద కూర్చుని, మోకాళ్ల మీద కత్తి అడ్డంగా పెట్టుకుని, పిడి మీద చెయ్యి వేసి ఉంచుతాడు. కొత్తవాడు వచ్చి మోకరిల్లి, కింది నుంచి కుడి చేత్తో పిడి పట్టుకుని, రాజు చేతిని ముద్దు పెట్టుకుంటాడు. ఒకే పిడి మీద రెండు చేతులు. ఆ తర్వాత ప్రమాణం. అప్పటి నుంచి అతన్ని 'చేతికి వెళ్లినవాడు' అంటారు, అంటే రాజు చేతికి తనను తాను అప్పగించుకున్నవాడు. తెలుగులో ఒకరి చేతి కింద ఉండటం అంటామే, దానికి కాస్త దగ్గర, కాకపోతే ఇక్కడ మనిషి తనే నడిచి వెళ్లి చేతిలో పడ్డాడు, బలవంతం లేదు.

ఆ కత్తి దాకా రావడమే ఒక పరీక్ష. 1250ల ప్రాంతంలో, రచయిత పేరు లేకుండా, తండ్రీ కొడుకుల సంభాషణగా రాసిన రాజదర్పణం అనే పుస్తకంలో, రాజు దగ్గర కొలువు అడగబోయే కుర్రాడు ఎలా మెలగాలో పేజీలకు పేజీలు ఉంటుంది. జుట్టూ గడ్డమూ కొలువు ఫ్యాషన్ ప్రకారం కత్తిరించుకోవాలి. రాజు ముందుకు పైవస్త్రం తీసేసి వెళ్లాలి. ఎందుకు అని కొడుకు అడుగుతాడు, మన ఊళ్లో పైవస్త్రం లేకుండా వెళ్తే నవ్వుతారు కదా అని. తండ్రి చెప్పే కారణాల్లో ఒకటి మర్యాద, పైవస్త్రం కప్పుకున్నవాడు తనను రాజుతో సమానంగా లెక్కేసుకున్నట్టు, తీసేసినవాడు పనికి సిద్ధంగా ఉన్నట్టు. ఇంకొకటి ప్రాణాలకు సంబంధించింది, కప్పుకున్న గుడ్డ కింద కత్తి దాచే వీలుంది. ఇంకో సలహా ఇప్పటి ఆఫీసుల్లో కూడా పనికొస్తుంది. రాజు అన్న మాట వినపడకపోతే 'ఆఁ?' అనో 'ఏంటీ?' అనో అనకూడదు, 'ప్రభూ' అని మాత్రమే అని ఆగాలి. రెండు మూడు తరాల కిందట గొడ్డళ్లతో దేశమంతా కొట్టుకున్న జనం పిల్లలకు ఇవి నేర్పిస్తున్నారు. పైకి మర్యాద పాఠాలే గానీ, కత్తులున్న వందమంది తాగి ఒకే గదిలో రోజూ కూర్చునే చోట, ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలి, ఎవరికి ఎలా బదులివ్వాలి అన్నది నిజంగా ప్రాణాల సమస్య.

హిర్డ్‌లో అందరూ ఒకటి కాదు. పైన లెండ్‌మన్‌లు, రాజు నుంచి భూమి పొందిన స్థానిక పెద్దలు. తర్వాత స్కుటిల్‌స్వైన్‌లు, ఈ మాటకు అర్థం బల్ల దగ్గర వడ్డించేవాడు. ఆ తర్వాత మామూలు హిర్డ్ మనుషులు. వాళ్ల కింద గెస్టులు. కొవ్వొత్తులు పట్టుకునే మంచి ఇళ్ల కుర్రాళ్లు కెర్టిస్వైన్‌లు. వీళ్లలో గెస్టుల గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే హిర్డ్ గురించి గొప్పగా చెప్పేటప్పుడు వీళ్లను జారవిడిచేస్తారు. గెస్ట్ అంటే అతిథి. వీళ్లకు హిర్డ్ మనిషి జీతంలో సగం. రాజు ఇంట్లో పంక్తి భోజనం వీళ్లకు క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ తప్ప లేదు. వీళ్ల పని దేశంలో రాజు శత్రువులను వెతికి పట్టుకోవడం, కబుర్లు సేకరించడం, చెప్పినప్పుడు చంపడం. చంపినవాడి సొత్తులో వీళ్లకు వాటా ఉండేది. ఆ పేరెందుకు వచ్చిందో రాజదర్పణమే చెప్తుంది, వీళ్లు చాలా ఇళ్లకు అతిథులుగా వెళ్తారు, ప్రతిసారీ స్నేహంతో మాత్రం కాదు అని. తెల్లవారకముందే తలుపు కొట్టే అతిథిని ఊహించుకుంటే ఆ పేరులోని భయం తెలుస్తుంది. రాజుతో తినేవాళ్లకు గౌరవం, రాజు కోసం మురికి పని చేసేవాళ్లకు బయటి బల్ల, ఈ ఏర్పాటు అనుకోకుండా వచ్చింది కాదు. పంక్తిని శుభ్రంగా ఉంచాలంటే రక్తం పని పంక్తి బయటివాళ్లతో చేయించాలి. రాజ్యాలన్నీ ఏదో ఒక రూపంలో చేసే పనే ఇది, నార్వే వాళ్లు దాన్ని దాచకుండా పుస్తకంలో రాసుకున్నారు.

ఇదంతా 13వ శతాబ్దపు స్థిరపడిన రూపం. దానికి ముందు వందేళ్లకు పైగా, 1130 నుంచి 1240 దాకా, అంతర్యుద్ధం. రాజు కొడుకు ఎవరైనా, అక్రమ సంతానమైనా సరే, సింహాసనం అడగొచ్చు, అడిగిన ప్రతివాడి చుట్టూ ఒక గుంపు. హిర్డ్ అనేది దేశానికి ఒకటే అన్న ఊహ ఆ కాలంలో నిలవలేదు, ఎంతమంది రాజులుంటే అన్ని హిర్డ్‌లు. వాటిలో అన్నింటికంటే నిరుపేద గుంపు బిర్కెబైనర్లు, చెప్పులు లేక కాళ్లకు బిర్చ్ చెట్టు బెరడు చుట్టుకున్నారని శత్రువులు పెట్టిన వెక్కిరింపు పేరు. 1177లో వాళ్ల నాయకుడు చనిపోయి, సాగా లెక్క ప్రకారం 70 మంది మిగిలినప్పుడు, ఫారో దీవుల్లో పెరిగి పాదిరి చదువు చదివిన స్వెర్రె వాళ్లకు నాయకుడయ్యాడు. ఏడేళ్లలో, 1184లో ఫిమ్రైతె జలయుద్ధంలో, ఎదుటి రాజు మాగ్నుస్ ఎర్లింగ్సన్‌నీ అతని పెద్దలనూ ముంచి దేశాన్ని పట్టాడు.

స్వెర్రె గెలుపులో అతని తెలివి ఎంత ఉందో, అతను హిర్డ్‌ని వాడుకున్న పద్ధతి కూడా అంతే ఉంది. 1179లో ట్రోండ్‌హైమ్ దగ్గర కాల్వ్‌షిన్నెట్ పోరుకు ముందు తన మనుషులకు ఒక మాట ఇచ్చాడు, లెండ్‌మన్‌ను చంపినట్టు రుజువు తెచ్చినవాడు లెండ్‌మన్ అవుతాడు, ఏ హోదా వాడిని పడగొడితే ఆ హోదా నీది. అంటే పాత కొలువులోని ఒక్కో కుర్చీని, అందులో కూర్చున్న మనిషి ప్రాణంతో సహా, వేలానికి పెట్టాడు. దీన్ని పేదల తిరుగుబాటు అని చెప్పేవాళ్లున్నారు. అంత దూరం వెళ్లక్కర్లేదు, ఎందుకంటే స్వెర్రె కుర్చీలను తీసేయలేదు, కూర్చునేవాళ్లను మార్చాడు. బిర్చ్ బెరడు కాళ్లవాళ్లు లెండ్‌మన్‌లయ్యారు, ఒక తరం తిరిగేసరికి వాళ్ల పిల్లలు జుట్టు కత్తిరింపు గురించి పాఠాలు చదివారు. కానీ ఒక మార్పు మాత్రం నిజంగా లోతైనది. పాత లెండ్‌మన్‌కు తాతల నాటి భూమీ, సొంత ఊరి జనమూ ఉండేవి, రాజు లేకపోయినా అతను పెద్దమనిషే. స్వెర్రె మనిషికి రాజు తప్ప వెనక ఏమీ లేదు. అలాంటివాళ్లను జిల్లాలకు అధికారులుగా పంపితే రాజు మాట అక్కడ చెల్లుతుంది. సిస్సెల్‌మన్ అనే జిల్లా అధికారి పదవి ఇలాగే బలపడింది, 13వ శతాబ్దం చివరికి దేశం అలాంటి సుమారు 50 జిల్లాలుగా ఉంది, వాటిని నడిపేది హిర్డ్ మనుషులే.

స్వెర్రె మనవడే మన కిర్క్‌వాల్ హోకోన్. 1206లో, రెండేళ్లు నిండని పసివాడిగా ఉన్నప్పుడు, శత్రుపక్షం బాగ్లర్ల నుంచి కాపాడటానికి ఇద్దరు బిర్కెబైనర్లు మంచు కొండల మీదుగా స్కీలపై ఎత్తుకెళ్లిన బిడ్డ ఇతనే. 1217లో రాజయ్యాడు, అదే సమయానికి బాగ్లర్ల రాజు కూడా చనిపోవడంతో వాళ్లు తమ గుంపును రద్దు చేసుకుని హోకోన్ కింద చేరారు. నిన్నటిదాకా ఒకరినొకరు వేటాడుకున్న రెండు బలగాలు ఒకే హాల్లో భోజనానికి కూర్చోవాలి. మర్యాద పుస్తకాలు ఎందుకు పుట్టాయో ఇక్కడ ఇంకా బాగా తెలుస్తుంది. హోకోన్ సొంత మామ స్కూలె 1239లో తిరగబడి, 1240లో చనిపోయాక గానీ అంతర్యుద్ధాలు ఆగలేదు.

తర్వాతి 30, 40 ఏళ్లు హిర్డ్ ఉచ్ఛస్థితి, అదే దాని స్వభావం మారిపోయిన కాలం కూడా. ఇంటి పనుల పేర్లు రాజ్యం పదవులయ్యాయి. స్టల్లారి అనే పేరులో గుర్రపు సాల ఉంది, అతనిప్పుడు హిర్డ్ తరఫున రాజుతో మాట్లాడే పెద్ద అధికారి. జెండా మోసేవాడు, ఖజానా చూసేవాడు, ఉత్తరాలూ ముద్రా చూసే చాన్సలర్, వీళ్లంతా రాజు సలహా మండలి. 1277లో మాగ్నుస్ రాజు లెండ్‌మన్‌లకు బారన్ అనీ, స్కుటిల్‌స్వైన్‌లకు నైట్ అనీ యూరప్ పేర్లు పెట్టి, ఇద్దరినీ 'హెర్రా', అంటే ప్రభువు, అని పిలవమన్నాడు. వడ్డించేవాడు నైట్ అయ్యాడు. ఇది అవమానం కాదు, రాజు కంచానికి ఎంత దగ్గరగా ఉంటే అంత పెద్దవాడన్న పాత లెక్కే కొత్త పేరుతో కొనసాగింది.

కానీ ఇప్పుడు ఈ మనుషుల్లో ఎక్కువమంది రాజు ఇంట్లో ఉండటం లేదు. సొంత భూముల్లో, జిల్లాల్లో, సముద్రం అవతల దీవుల్లో ఉన్నారు. రోజూ కలిసి తినడం పోయాక వాళ్లను కట్టి ఉంచేది ప్రమాణం ఒక్కటే, అందుకే అంత వివరంగా నియమాల పుస్తకం కావాల్సి వచ్చింది. దగ్గరుండి మేపినవాడికి రాతకోతలు అక్కర్లేదు.

ఆ ప్రమాణం దూరాల్లో ఎలా పనిచేసిందో ఐస్‌లాండ్‌లో చూడొచ్చు, అది చేదు కథ. ఐస్‌లాండ్‌కు రాజు లేడు, పెద్ద కుటుంబాల పాలన. హోకోన్ అక్కడికి సైన్యాన్ని పంపలేదు. బెర్గెన్‌కో ట్రోండ్‌హైమ్‌కో వచ్చిన ఒక్కో పెద్దమనిషినీ హిర్డ్‌లో చేర్చుకున్నాడు. కొలువు దొరకడం వాళ్లకు గొప్ప. చేరాక మాత్రం అతను రాజు మనిషి, ఆజ్ఞ తప్పితే ద్రోహి. ఇంతసేపూ మనకు ఈ కథలు చెప్పిన స్నొర్రి స్టుర్లుసన్ కూడా 1218లో నార్వే వచ్చి, స్కుటిల్‌స్వైన్ అయి, తర్వాత లెండ్‌మన్ అయి వెళ్లినవాడే. 1239లో రెండో ప్రయాణం నుంచి రాజు వద్దన్నా వినకుండా ఇంటికి బయల్దేరాడు. అతన్ని నార్వేకి పంపించు, లేదా చంపు అని గిస్సుర్ థోర్వాల్డ్‌సన్‌కు రాజు ఉత్తరం వెళ్లింది. గిస్సుర్ కూడా రాజు మనిషే, పైగా ఒకప్పుడు స్నొర్రికి అల్లుడు. 1241 సెప్టెంబర్ 23 రాత్రి రైక్‌హోల్ట్‌లోని ఇంటి నేలమాళిగలో స్నొర్రిని చంపారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి, 1262 నుంచి 1264 లోపు, ఐస్‌లాండ్ మొత్తం నార్వే రాజుకు పన్ను కట్టడానికి ఒప్పుకుంది. హిర్డ్ ఒక దేశాన్ని మనిషి మనిషిగా మింగింది. థోర్మోద్ కథలో అందంగా కనిపించిన విశ్వాసమే ఇక్కడ ఉరి అయింది, రెండూ ఒకే సంస్థ చేసిన పనులే, ఒకదాన్ని చెప్పి ఇంకోదాన్ని వదిలేస్తే లెక్క తప్పుతుంది.

హిర్డ్ సన్నగిల్లడానికి యుద్ధంలో ఓటమి కారణం కాదు. 1308లో హోకోన్ 5వ రాజు, మాగ్నుస్ కొడుకు, ఇకపై కొత్త జార్ల్‌లనూ (రాజు తర్వాతి పెద్ద బిరుదు అది) బారన్‌లనూ చేయబోనని ఆజ్ఞ ఇచ్చాడు, రాజు కొడుకులకూ ఓర్క్నీ జార్ల్‌కూ మాత్రమే మినహాయింపు. పెద్దల బలం తగ్గించాలన్నది ఆయన ఉద్దేశం. 1319లో ఆయన మగ సంతానం లేకుండా పోయాడు. కూతురి కొడుకు మాగ్నుస్, మూడేళ్ల పిల్లాడు, అదే ఏడాది స్వీడన్‌కు కూడా రాజయ్యాడు. అప్పటి నుంచి నార్వేకి రాజు ఉన్నాడు గానీ ఎక్కువకాలం ఇంట్లో లేడు. 1349లో మహామారి వచ్చి జనాన్నీ, భూమి ఆదాయాన్నీ ఊడ్చేసింది, ఆ ఆదాయం మీద బతికే హోదాలన్నీ చిక్కిపోయాయి. 1380 నుంచి డెన్మార్క్‌తో కలిసి ఒకే రాజు. రాజు ఇల్లే రాజ్యంగా పెరిగిన చోట, రాజు ఇల్లు వేరే దేశానికి మారితే మిగిలేది పదవుల పేర్లే. ఐస్‌లాండ్ గవర్నర్‌ను చాలాకాలం హిర్డ్‌స్త్యోరి, అంటే హిర్డ్ నాయకుడు అనే పిలిచారు, అతని చుట్టూ హిర్డ్ లేకపోయినా.

ఆ పేరును 20వ శతాబ్దంలో ఇంకొకరు ఎత్తుకున్నారు. నార్వే నాయకుడు క్విస్లింగ్ నడిపిన నాజీ అనుకూల పార్టీ తన యూనిఫారం గుంపుకు హిర్డ్ అని పేరు పెట్టుకుంది, జర్మన్ల ఆక్రమణ కాలంలో సొంత దేశస్థుల్నే కొట్టింది. ఆ రోజులు చూసిన తరానికి ఆ మాట వింటే గుర్తొచ్చేది ఓలాఫ్ రాజు కొలువు కాదు, వీధుల్లో తిరిగిన ఆ గుంపే. ఒక పాత మాటను ఇలా పాడుచేయడం చరిత్ర చదివేవాళ్లకు కష్టంగానే ఉంటుంది.

బెర్గెన్ రేవులో హోకోన్ కట్టించిన రాతి భవనం ఇప్పటికీ ఉంది. 1261లో కొడుకు మాగ్నుస్ పెళ్లికీ పట్టాభిషేకానికీ సిద్ధమైన భోజనశాల అది, పైన అరుగు మీద రాజు, ఎదురుగా బల్లల వరుసల్లో హిర్డ్ కూర్చునేందుకు కట్టింది. రాజులు రావడం మానేశాక దాన్ని కొట్టంగా వాడారు, వందల ఏళ్లు అందులో ధాన్యం నిల్వ పెట్టారు. 1944 ఏప్రిల్ 20న పక్కనే రేవులో మందుగుండు ఓడ పేలి పైకప్పు ఎగిరిపోయింది. గోడలు నిలబడ్డాయి. 1961కి, ఆ పెళ్లి జరిగి సరిగ్గా 700 ఏళ్లకు, మళ్లీ బాగుచేసి, ఇప్పుడు అందులో పెద్ద విందులు పెడుతున్నారు.